బొంతకి బోర్డరు ఏ రంగు, చుట్టు పట్టీ ఏ రంగు? ఇంట్లో నలుగురూ నాలుగు చెప్తున్నారు

లాసన్స్‌బే_లలిత
మా అమ్మ చీరలు బీరువాలో మడతల దగ్గర చిరుగుతున్నాయి. పూర్తిగా పాడవకముందే ముక్కలు కోసి మా అమ్మాయికి బొంత కుడుతున్నాను. మధ్య భాగం అయిపోయింది. 48 అంగుళాల వెడల్పు, 72 పొడవు, అన్నీ 6 అంగుళాల చదరాలే. బాటిల్ గ్రీన్ మంగళగిరి, వక్కపొడి రంగు బెంగాల్ కాటన్, కనకాంబరం రంగు వెంకటగిరి, మెంతి రంగు నేత చీర ఉన్నాయి. కొన్ని ముక్కలకి గళ్ళు, కొన్నిటికి జరీ అంచు. తెల్ల ముక్కలు నాన్న గారి పొందూరు ఖద్దరు పంచెలవి. నేవీ బ్లూ ఒకే చీరది, అక్కడక్కడా తగులుతుంది.

బోర్డరు దగ్గర బండి ఆగిపోయింది. అత్తయ్య గారు ఎరుపు తప్ప ఇంకోటి వద్దంటున్నారు. అమ్మాయికి నేవీ బ్లూ కావాలిట. మా వారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "గ్రే" అన్నారు. నాకేమో మెంతి రంగు మీద మనసు. నిన్న ఎర్ర చీర ఒకటి మడిచి చుట్టూ పరిచి చూస్తే పెళ్ళి పందిరిలా ఉంది, లోపల అమ్మ చీరలు ఒక్కటీ కంటికి ఆనడం లేదు.

ఇంకోటి, పొరల కొసలు మూసేలా చిట్టచివర చుట్టూ కట్టే పట్టీ బోర్డరు రంగే ఉండాలా, వేరే రంగా? అమ్మాయి హాస్టల్‌కి పట్టుకెళ్తుంది, అక్కడ వాషింగ్ మిషన్లోనే పడుతుంది. త్వరగా చెప్పండి, మంచం ఖాళీ లేదు, అందరం హాల్లో పడుకుంటున్నాం.

గాజువాక_గిరి
గ్రే అన్నారా? ఆయన కారు సీటు కవర్ల గురించి అడిగారనుకుని ఉంటారు.

సూది_దారం
లలిత గారూ, రంగుల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. ముందు లేతా, ముదురా అన్నది తేల్చుకోండి. మీరు అనుకుంటున్న గుడ్డలు నాలుగూ బొంత అంచుకి ఆనించి పెట్టి, ఫోన్లో ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి. లోపలి ముక్కల్లో కలిసిపోయేదేదో, విడిగా నిలబడేదేదో అందులో తెలిసిపోతుంది. కంటికి ఎరుపూ ఆకుపచ్చా పూర్తిగా వేరుగా కనిపిస్తాయి. ఆ ఫోటోలో రెండూ ఒకే బూడిద రంగులోకి దిగొచ్చు. ఒకే బూడిదలోకి దిగాయంటే సాయంత్రం గదిలో లైటు తగ్గేసరికి ఆ గీత కనపడదన్నమాట.

బొంతల_మామ్మ
బొంతకి బోర్డరేటమ్మా. మా కాలంలో అడుగు గుడ్డ రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ వదిలి, దాన్నే పైకి మడిచి కుట్టేసేవాళ్ళం. అదే బోర్డరు, అదే పట్టీ. భీమిలిలో మా అత్త గారు అలా కుట్టినది మా తమ్ముడి ఇంట్లో ఇప్పటికీ ఉంది. ముదురు రంగు వెయ్యి, మిగతావన్నీ ఆలోచించకు. బొంత ముందు చిరిగేదీ అంచే, ముందు మాసేదీ అంచే.

ఎంవీపీ_మాధవి
మామ్మ గారు చెప్పినట్టు అడుగు గుడ్డ పైకి మడిస్తే పని తేలికే గానీ, అంచులో ఒక్క పొరే ఉంటుంది. మిషన్లో ఉతికే బొంతకి అది తొందరగా అరిగిపోతుంది. విడిగా పట్టీ కోసి, దాన్ని నిలువునా సగానికి మడిచి కడితే అంచు మీద రెండు పొరలు పడతాయి. హాస్టల్ అన్నారు కదా, నేనైతే రెండు పొరలదే కడతాను.

బొంతల_మామ్మ
మిషన్లో బొంత ఉతికేవాళ్ళు రెండు కాదు, నాలుగు పొరలు వేసుకోండి.

రంగుల_రాణి
ఫైన్ ఆర్ట్స్ చదివినదాన్ని కాబట్టి ఈ చర్చలో దూరకుండా ఉండలేను. సూది_దారం గారి మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. దానికి తోడు ఇంకో సంగతి ఉంది. లోపల ఎక్కువగా ఉన్న రంగునే బోర్డరుకి తీసుకుంటే అంచు చదరాలు ఆ బోర్డరులోకి జారిపోతాయి. లోపల అసలు లేని రంగు వేస్తే అది బయటి నుంచి వచ్చి కూర్చున్న చుట్టంలా ఉంటుంది. లోపల కొంచెమే ఉన్న రంగుని బయటికి లాగండి. మీ విషయంలో అది నేవీ బ్లూ. మీ అమ్మాయి కన్ను బాగుంది.

ఎరుపు సంగతి ఏమిటంటే, అది ముందుకు దూకే రంగు. అంగుళం వెడల్పున వేస్తే ముచ్చటగా ఉంటుంది. అయిదు అంగుళాలు వేస్తే మిగతా వాటి నోరు మూయిస్తుంది. మీకు నిన్న కనిపించింది అదే.

లాసన్స్‌బే_లలిత
రాణి గారూ, మీ పోస్టు అమ్మాయికి చదివి వినిపించాను, పొద్దున్నుంచీ నేల మీద నడవడం లేదు. అత్తయ్య గారికి వినిపించలేదు.

పెందుర్తి_పద్మ
నేవీ బ్లూ అంటే దాదాపు నలుపే కదండీ. ఇంట్లో వాడే దుప్పటికి నలుపు అంచు కడతారా? మా ఇంట్లో అయితే ఊరుకోరు.

క్వార్టర్స్_కల్పన
నేను మహారాష్ట్ర అమ్మాయిని, మా వారి ఉద్యోగం నేవీలో, అలా వైజాగ్ వచ్చాం. నా తెలుగులో తప్పులుంటే క్షమించాలి. మా వైపు సంక్రాంతికి నల్ల చీరే కడతాం, అది చలిలో వేడి పట్టి ఉంచుతుందని. మా ఆజీ (బామ్మ) కుట్టే గోధడికి, అంటే బొంతకి కూడా నల్ల అంచే, ఎవరికీ ఏమీ కాలేదు.

పెందుర్తి_పద్మ
మీ తెలుగు మా ఆయన తెలుగు కంటే బాగుంది. నలుపు మాత్రం నాకు వద్దు.

గాజువాక_గిరి
ఆ మాటకొస్తే మన స్కూలు యూనిఫారాల్లో సగం నేవీ బ్లూనే. దాన్ని నలుపు అన్నవాళ్ళు ఎవరూ లేరు.

మ్యాచింగ్_మావయ్య
పాతికేళ్ళుగా కౌంటర్లో కూర్చుని జాకెట్టు ముక్కలు కోస్తున్నవాణ్ణి. ఒక మాట చెప్తాను వినండి. కొట్లో ట్యూబ్ లైట్ కింద నచ్చిన రంగుని నమ్మకండి. చీర తెచ్చిన ఆడవాళ్ళు ముక్కని పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి చూసి వస్తారు చూడండి, వాళ్ళు తెలివైనవాళ్ళు. నేవీ బ్లూలోనే ఎరుపు వైపు మొగ్గేది ఒకటి, ఆకుపచ్చ వైపు మొగ్గేది ఒకటి ఉంటాయి. ట్యూబ్ లైట్ కింద రెండూ ఒకటే. ఎండలో పెడితే తేడా తెలుస్తుంది. ఇంట్లో పసుపు లైటు కింద ఇంకో రకం. కాబట్టి చీకటి పడకముందే రండి, బొంతలో వాడిన ప్రతి చీరదీ ఒక చిన్న పీలిక అట్టముక్కకి గుచ్చి తెచ్చుకోండి. ఫోన్లో ఫోటో చూపించి "ఈ కలరివ్వండి" అంటే మేం ఇచ్చేది మీ కలరు కాదు, మీ ఫోను కలరు.

గుడ్డ విషయానికొస్తే పట్టీకి జాకెట్లకి వాడే టూ బై టూ నూలు గుడ్డ బాగుంటుంది, మెత్తగా మడుస్తుంది, షేడ్లు బోలెడు. బోర్డరుకి పాప్లిన్ గానీ కేంబ్రిక్ గానీ తీసుకోండి. చీరల ఫాల్ గుడ్డ చవగ్గా వస్తోందని కొందరు దాన్నే పట్టీకి వాడతారు. అందులో పాలిస్టర్‌వి ఉంటాయి, నూలుతో పాటు ముడుచుకోవు, ఉతికాక అంచు వంకర తిరుగుతుంది.

అక్కయ్యపాలెం_అనూష
మావయ్య గారూ, మీ కొట్టు ఎక్కడ?

మ్యాచింగ్_మావయ్య
ఇక్కడ చెప్తే ప్రకటన అని తీసేస్తారమ్మా. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడిస్తే మాలాంటివాళ్ళు అడుగడుగునా తగులుతారు.

ఎంవీపీ_మాధవి
బోర్డరుకి సాదా గుడ్డే ఎందుకు? పెడన కలంకారీ మీటర్ల లెక్కన దొరుకుతుంది. నేవీ మీద సన్నటి తీగల ప్రింటు అయితే మాసినా తెలియదు, అమ్మ గారి నేత చీరల పక్కన మిల్లు గుడ్డలా ఎబ్బెట్టుగా కూడా ఉండదు.

రంగుల_రాణి
కలంకారీ నాకు ప్రాణం. ఇక్కడ మాత్రం వద్దంటాను. లోపల గళ్ళున్నాయి, జరీ అంచు ముక్కలున్నాయి, అయిదారు రంగులున్నాయి. వాటి చుట్టూ తీగలూ పూలూ పెడితే కన్ను ఎక్కడ ఆగాలి? లోపల అంతా సాదా ముక్కలయితే చుట్టూ కలంకారీ నేనే వెయ్యమనేదాన్ని.

ఎంవీపీ_మాధవి
పెద్ద పూలు అనలేదండీ, సన్న ప్రింటు అన్నాను. నాలుగడుగుల దూరం నుంచి అది సాదా గుడ్డలాగే కనిపిస్తుంది.

సూది_దారం
మాధవి గారి మాటలోనూ న్యాయం ఉంది. సన్న ప్రింటు దూరానికి ఒకే రంగే. అయితే కొనేముందు తడిపి చూడండి, కలంకారీ అని అమ్మేవన్నీ కరక్కాయలో నానబెట్టి, అద్దకం చేసి, ఉడికించి చేసినవి కావు. తెర మీద కెమికల్ రంగులతో వేసినవీ అదే పేరుతో వస్తున్నాయి, కొన్ని మొదటి ఉతుకులోనే పక్క గుడ్డకి అంటుకుంటాయి.

లాసన్స్‌బే_లలిత
సూది_దారం గారు చెప్పిన ఫోటో తీశాను. డాబా మీద, పొద్దున్న ఎండ ముదరకముందు. నేను కళ్ళు మూసుకుని వేసేద్దామనుకున్న మెంతి రంగు ఉంది చూశారూ, బ్లాక్ అండ్ వైట్‌లో అది పొందూరు తెల్ల ముక్కలతో దాదాపు కలిసిపోయింది. అంచు వరసలో తెల్ల చదరాలు కొన్ని పడ్డాయి. అవి ఉన్నచోటల్లా ఎలక కొరికినట్టు బొంత గీత లోపలికి పోయి కనిపిస్తోంది. రంగుల్లో చూస్తే అంత తెలియలేదు.

ఎరుపూ బాటిల్ గ్రీనూ అన్నదమ్ముల్లా ఒకే బూడిద. నేవీ ఒక్కటే అన్నింటికీ విడిగా నిలబడింది. కానీ అయిదు అంగుళాల నేవీ చుట్టూ పరిస్తే బరువుగా, చలిగా ఉంది. అమ్మ చీరలన్నీ వెచ్చటి రంగులు. మెంతి రంగు వదల్లేకపోతున్నాను. ఇప్పుడేం చెయ్యను?

క్వార్టర్స్_కల్పన
రెండూ వేయండి. లోపల అంగుళం నేవీ, దాని బయట మెంతి రంగు వెడల్పుగా. తెల్ల ముక్కల పక్కన నేవీ ఉంటుంది కాబట్టి ఎలక కొరకదు.

రంగుల_రాణి
కల్పన గారూ, నేను టైపు చేస్తుండగానే చెప్పేశారు. అంగుళం సరిపోతుంది, రెండు అంగుళాలైతే సన్నగీత అందం పోతుంది. ఆ నేవీనే చుట్టు పట్టీకి కూడా తీసుకోండి. లోపలొక సన్న ముదురు గీత, బయటి అంచున ఇంకో సన్న ముదురు గీత, మధ్యలో వెడల్పుగా మెంతి రంగు. పట్టీ రంగు ఏంటని విడిగా తల బద్దలుకొట్టుకునే పని ఉండదు. పైగా పట్టీ బోర్డరు రంగే అయితే అది కంటికి కనపడదు, వేరే రంగైతే గీత గీసినట్టు తెలుస్తుంది.

అక్కయ్యపాలెం_అనూష
గీత గీసినట్టు తెలియడంలో ఒక చిక్కుంది రాణి గారూ. మెంతి రంగు పక్కన నేవీ పట్టీ కుట్టు కొంచెం వంకర పోయినా పది అడుగుల నుంచి కనిపిస్తుంది. మా పిన్ని ముదురు ఆకుపచ్చ పట్టీ కట్టి, వంకరలు చూడలేక మళ్ళీ విప్పింది. చెయ్యి తిరగనివాళ్ళకి పట్టీ బోర్డరు రంగులోనే ఉంటే మంచిది.

లాసన్స్‌బే_లలిత
చెయ్యి తిరిగిందో లేదో గానీ, వంకరలకి భయపడే రకాన్ని కాదు.

బొంతల_మామ్మ
అంచున ముదురు అన్నాను, అక్కడికే వచ్చారు. మెంతి రంగు బోర్డరు మొహం దగ్గర తలనూనె పట్టి నల్లబడుతుంది. సాదాది కాకుండా సన్న గళ్ళదో చారలదో తీసుకో. మరక గళ్ళలో కలిసిపోతుంది.

మ్యాచింగ్_మావయ్య
మామ్మ గారు కొట్టు పెట్టుకోవాల్సినవారు. మెంతి రంగులో సన్న గళ్ళ నేత గుడ్డ దొరుకుతుంది. కాటన్ అని అడిగి ఊరుకోకండి, ఓ పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టిగా ఉండ కడుతుంది.

పెందుర్తి_పద్మ
అత్తయ్య గారి ఎరుపు ఏమైంది? పాపం పెద్దావిడ.

రంగుల_రాణి
మెంతి రంగు బోర్డరు నాలుగు మూలల్లోనూ ఒక్కో ఎర్ర చదరం పెట్టొచ్చు. బోర్డరు వెడల్పు ఎంతో చదరం అంత. ఎరుపు అంత మోతాదులో అయితే బాగుంటుంది.

క్వార్టర్స్_కల్పన
మూలలంటే గుర్తొచ్చింది. కర్ణాటకలో సిద్ది అనే తెగ ఆడవాళ్ళు కవంది అనే బొంతలు కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతూ మధ్యకి వస్తారు. నాలుగు మూలల్లో గుడ్డని త్రికోణాలుగా మడిచి పొరలు పొరలుగా కుడతారు. ఫుల అంటారు వాటిని, పువ్వు అని. అది లేకపోతే వాళ్ళకి బొంత పూర్తయినట్టు కాదు. లలిత గారు ఎరుపుని అలా పెట్టినా అందంగా ఉంటుంది.

లాసన్స్‌బే_లలిత
ఫుల ఫోటోలు వెతికి అత్తయ్య గారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. మొదటిసారి ఎరుపు కాకుండా వేరే విషయం మాట్లాడారు.

మర్రిపాలెం_మూర్తి
అందరూ రంగుల మీద పడ్డారు, కొలతలు ఎవరూ చెప్పడం లేదు. మా ఇంట్లో మిషను నాది, వంట ఆవిడది. అంచున టేపు పెట్టి కొలిచి బోర్డరు కోయకండి. ముక్కలు కుట్టిన బొంత అంచు సాగి ఉంటుంది, మధ్యలో కొలిస్తే తక్కువ వస్తుంది. మధ్యలో వచ్చిన కొలతకే రెండు పక్కల బోర్డర్లూ కోసి, రెండు చివర్లూ, మధ్యా ముందు పిన్నులు పెట్టి, సాగిన అంచుని ఆ కొలతలో సర్దుతూ కుట్టండి. పొడుగాటి గుడ్డని అలా కుట్టుకుంటూ పోయి చివర్న కత్తిరిస్తే బోర్డరు అప్పడం అంచులా అలలు తిరుగుతుంది. తర్వాత ఇస్త్రీ పెట్టినా పోదు.

ముందు పొడవు వైపులు కుట్టాలి. అవి అయ్యాక మళ్ళీ మధ్యలో వెడల్పు కొలిచి, పైనా కిందా.

సూది_దారం
మూర్తి గారికి దండం. గుడ్డ ఎంత కావాలో కూడా లెక్క వేస్తున్నాను. మధ్య భాగం 48, 72. చుట్టూ అంగుళం నేవీ వేస్తే 50, 74 అవుతుంది. దాని చుట్టూ 5 అంగుళాల మెంతి రంగు వేస్తే 60, 84. చుట్టుకొలత 288 అంగుళాలు. అతుకులకీ మూలలకీ కలిపి 300 అనుకోండి.

పట్టీకి రెండున్నర అంగుళాల చీలికలు కావాలి. 44 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పులో) పక్క అంచులు తీసేస్తే 42 మిగులుతుంది, ఎనిమిది చీలికలు, అంటే 20 అంగుళాల గుడ్డ. లోపలి నేవీ గీతకి, కుట్టులోకి పోయే అర అంగుళం కలిపి, అంగుళంన్నర చీలికలు ఆరు, 9 అంగుళాలు. మొత్తం 29. నేవీ ఒక మీటరు తీసుకుంటే ముడుచుకున్నా మిగులుతుంది.

మెంతి రంగు మాత్రం పన్నా అడ్డంగా కోసి అతకకండి, పొడవు వైపే కోయండి. ఆ దారి గుడ్డ తక్కువ సాగుతుంది, అతుకులూ ఉండవు. అయిదున్నర వెడల్పున నాలుగు పట్టీలు. రెండుంపావు మీటరు తెచ్చుకోండి, ఉతికితే తగ్గేది కూడా అందులోనే.

మ్యాచింగ్_మావయ్య
లెక్క బాగుంది గానీ, టూ బై టూ చాలావరకు 36 పన్నానే వస్తుంది. అప్పుడు పట్టీకి తొమ్మిది చీలికలు, లోపలి గీతకి ఎనిమిది దాకా పడతాయి. మీటరు ఇరుకవుతుంది, మీటరుంపావు తీసుకోండి. పన్నా ఎంతో అడక్కుండా మీటర్లు చెప్పేవాళ్ళే మళ్ళీ వచ్చి "అదే తానులోంచి ఇంకో పావు మీటరు" అంటారు. ఆ తాను అప్పటికే అయిపోయి ఉంటుంది.

అక్కయ్యపాలెం_అనూష
పట్టీ క్రాస్‌లో, అంటే ఏటవాలుగా కోయాలి కదా? జాకెట్టు పైపింగ్‌కి క్రాస్ పట్టీయే కోస్తాం.

మర్రిపాలెం_మూర్తి
జాకెట్టు మెడ గుండ్రం, అందుకు క్రాస్ కావాలి. బొంత అంచు నిటారు, తిన్నగా కోసింది చాలు, గుడ్డ కూడా కలిసొస్తుంది. మూలలు గుండ్రంగా తిప్పేవాళ్ళకి క్రాస్ తప్పదు.

ఎంవీపీ_మాధవి
తిన్నగా కోసినదానికి అంచు పొడవునా ఒకే పోగు రాపిడికి గురవుతుంది. ఆ పోగు తెగితే చీలిక పొడుగ్గా పోతుంది. క్రాస్‌లో పోగులు అంచుని అడ్డంగా దాటుతాయి, ఎక్కువ కాలం మన్నుతుంది. హాస్టల్ బొంతకి నేను క్రాసే అంటాను. చారల గుడ్డని క్రాస్‌లో కోస్తే ఏటవాలు గీతలు చుట్టూ తిరుగుతూ చూడముచ్చటగా కూడా ఉంటుంది.

మర్రిపాలెం_మూర్తి
మన్నికకి ఒప్పుకుంటాను. 300 అంగుళాల క్రాస్ పట్టీని సాగకుండా కుట్టే ఓపిక ఉంటే వేసుకోండి.

గాజువాక_గిరి
మూర్తి గారూ, మీ ఇంట్లో వంట ఎలా ఉంటుంది?

మర్రిపాలెం_మూర్తి
నేను కుట్టేదానికంటే బాగుంటుంది.

లాసన్స్‌బే_లలిత
గుడ్డలు తెచ్చాను. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి, మావయ్య గారి మాట ప్రకారం ముక్కలన్నీ అట్టకి గుచ్చుకుని. కొట్లో కుర్రాడు నవ్వాడు, పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం అట్ట ఫోటో తీసుకున్నారు. రెండు నేవీలు రోడ్డు మీదికి తెచ్చి చూస్తే ఒకటి ఊదా వైపు వెళ్ళింది, దాన్ని వదిలేశాను. మెంతి రంగులో సన్న గళ్ళది దొరికింది, గళ్ళ గీత వక్కపొడి రంగు. అమ్మ బెంగాల్ కాటన్ పక్కన పెడితే రెండూ ఒకే ఇంటివనిపించాయి.

అత్తయ్య గారి ఎర్ర చీర ముక్కని తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేశాను. తెల్ల గుడ్డ రోజా రంగులోకి వచ్చేసింది. మూలలకి అది వెయ్యాలా వద్దా? ఆవిడ ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు పట్టుకుంటుంది అంటున్నారు.

పెందుర్తి_పద్మ
మా అమ్మా అదే చెప్పేది. రాళ్ళుప్పు, గుప్పెడు.

సూది_దారం
ఉప్పుతో ఆగదండీ. అద్దకం వేసేటప్పుడు రంగుని గుడ్డలోకి నెట్టడానికి ఉప్పు వాడతారు, అది నిజం. అప్పుడు సరిగ్గా పట్టుకోని రంగుని తర్వాత ఇంట్లో బకెట్లో ఉప్పు వేసి పట్టించలేం. వెనిగర్ కూడా నూలు రంగులకి పనికిరాదు. పైపైన మిగిలిపోయిన రంగైతే నాలుగు తడుపులకి వదిలి ఆగిపోతుంది. అన్ని తడుపుల తర్వాత కూడా నీళ్ళు ఎర్రగానే ఉంటే ఆ గుడ్డ పొందూరు తెలుపు పక్కకి తేకండి. హాస్టల్లో ఎవరో వేడినీళ్ళ బటన్ నొక్కుతారు, అంతే సంగతులు.

కొత్త గుడ్డలు కూడా కోయకముందే విడివిడిగా ఉతికి ఆరేయండి. పాత చీరలు ముడుచుకునేదంతా ఎప్పుడో ముడుచుకున్నాయి, కొత్తది ఇకముందు ముడుచుకుంటుంది. రెండూ కలిపి కుట్టేశాక ఆ పని జరిగితే బోర్డరు చుట్టూ బిగుసుకుపోయి మధ్యలో బొంత ఉబ్బుతుంది.

లాసన్స్‌బే_లలిత
ఎర్ర చీర నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మూలల్లో ఎరుపు లేదు, వక్కపొడి రంగు చదరాలే. ఆవిడకి చెప్పాను. "సరే, నాకు ఇంకోటి కుట్టు, అంతా ఎరుపే" అన్నారు.

గాజువాక_గిరి
ఆర్డరు పడింది.

క్వార్టర్స్_కల్పన
అయితే ఆవిడ బొంతకి ఫుల మీరు వేయాలి. నేను వచ్చి చూపిస్తాను.

అక్కయ్యపాలెం_అనూష
జరీ ముక్కలున్నాయన్నారు. అవి మొహం వైపు వరసలో లేకుండా చూసుకోండి, బుగ్గకి గుచ్చుకుంటాయి. మన సముద్రపు గాలికి జరీ నల్లబడటం కూడా ఎక్కువే.

లాసన్స్‌బే_లలిత
జరీ అంతా కాళ్ళ వైపే ఉంది అనూషా. బోర్డర్లు వేసేశాను, మూర్తి గారి పద్ధతిలో. బల్ల మీద పరిస్తే అల లేదు. పొరలు మూడూ కలిపి రన్నింగ్ కుట్టు కూడా అయింది, అమ్మాయి సగం కుట్టింది. ఇక పట్టీ. మూలలు ఎలా తిప్పాలి, మొదలూ చివరా ఎలా కలపాలి? ఉబ్బు కనపడకూడదు.

ఎంవీపీ_మాధవి
మూల ఇంకా పావు అంగుళం ఉందనగానే కుట్టు ఆపి దారం తెంపండి. పట్టీని నిటారుగా పైకి మడవండి, మూలలో ఏటవాలు మడత పడుతుంది. ఆ మడత కదలకుండా వేలితో నొక్కి పట్టుకుని, పట్టీని మళ్ళీ కిందికి, రెండో అంచు వెంబడి దించండి. అంచు మొదటి నుంచి కుట్టు మళ్ళీ మొదలు. వెనక్కి తిప్పినప్పుడు మూల దానంతటదే కోసుగా కూర్చుంటుంది. వెనకాల చేత్తో హెమ్మింగ్ అందం. హాస్టల్‌కి అయితే మిషన్ కుట్టే వేసెయ్యండి.

మర్రిపాలెం_మూర్తి
చివరలు కలపడం నేను చెప్తాను. మూలలో మొదలుపెట్టకండి, ఒక వైపు మధ్యలో మొదలుపెట్టండి. మొదట్లో ఓ జానెడు పట్టీ కుట్టకుండా వదిలెయ్యండి. చుట్టూ తిరిగి వచ్చాక మళ్ళీ జానెడు ముందు ఆపండి. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పరిచి, పట్టీ వెడల్పు ఎంతో అంతే ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కోయండి. మీది రెండున్నర, కాబట్టి రెండున్నర. ఎక్కువ తక్కువ వద్దు. మడత విప్పి, రెండు కొసల్నీ అడ్డంగా, నిలువుగా పెట్టి ఏటవాలుగా కుట్టి, మిగిలింది కత్తిరించండి. అతుకు ఏటవాలుగా ఉంటే దళసరి ఒకేచోట పోగవదు.

సూది_దారం
కోసేముందు ఒకటికి రెండుసార్లు పిన్ను పెట్టి చూడండి, పట్టీ మెలి తిరిగి ఉంటే అంతా అయ్యాకే తెలుస్తుంది. చీలికలు ఒకదానికొకటి అతికేటప్పుడు కూడా ఏటవాలు అతుకే వెయ్యండి. ఆ అతుకుల్లో ఒకటి మూలలోకి వస్తోందేమో పట్టీని ముందే చుట్టూ పరిచి చూసుకోండి. వస్తే మొదలుపెట్టే చోటు నాలుగు అంగుళాలు జరపండి.

లాసన్స్‌బే_లలిత
పరిచి చూశాను, ఒకటి సరిగ్గా తలవైపు మూలకే వచ్చింది. జరుపుతున్నాను. నేవీ దారం అయిపోయింది, మావయ్య గారూ, పట్టీకి నలుపు దారం వెయ్యొచ్చా?

మ్యాచింగ్_మావయ్య
వెయ్యకండి, ఎండలో తేడా తెలుస్తుంది. పీలిక పట్టుకుని రండి, రీలు పక్కన పెట్టి చూసి ఇస్తాను. ఒక షేడు ముదురు తీసుకోండి, కుట్టాక దారం రీలు మీదకంటే లేతగా కనిపిస్తుంది.